పద్దుకెక్కని ఖర్చు

  ఈ స్మారకోపన్యాసాల్లో మా మాస్టారి పాండిత్యం గురించి నాకంటే ముందు ఈ వేదికెక్కినవాళ్లు చెప్పే ఉన్నారు, నేను మళ్లీ చెప్పను. నాకు ఆయన ఎక్కువగా గుర్తొచ్చేది ఫిషింగ్ హార్బరు దారిలో. ఆదివారం కోనాం చేప కొనడానికి వెళ్తూ నన్ను వెంటబెట్టుకునేవారు. దారి పొడుగునా నా వ్యాసంలోని అంకెల మీదే ప్రశ్నలు. "ఇది కేటాయించిందా, ఖర్చయిందా? బిల్లు పాసయిందా?" అని. చేపలవాళ్లతో మాత్రం ఎన్నడూ బేరమాడలేదు.

కేటాయించిందా, ఖర్చయిందా అన్న ఆ ప్రశ్న పట్టుకునే నా పాత తగాదా ఒకటి ఇవాళ మీ ముందు పెడతాను. కోవిడ్ వచ్చి ప్రభుత్వాల చేత ఐటీ మీద ధారాళంగా ఖర్చు పెట్టించిందనీ, పదేళ్ల పని ఏడాదిలో చేయించిందనీ సెమినార్లలో తరచూ వింటున్నాం. నేను ఒప్పుకోను.

2020 ఏప్రిల్ 2న ఆరోగ్య సేతు యాప్, 2021 జనవరి 16న టీకాల కోసం కోవిన్ వచ్చాయి. ఆ కథ అందరికీ తెలుసు. మన మెడ్‌టెక్ జోన్‌లో వెంటిలేటర్లు, పరీక్ష కిట్లు తయారైన సంగతి విశాఖవాసులకు నేను చెప్పక్కర్లేదు. ముందుకు వెళ్దాం.

నాతో వాదించేవారు గార్ట్‌నర్ సంస్థ అంకె ఒకటి చూపిస్తారు. 2021లో భారత ప్రభుత్వ ఐటీ ఖర్చు 9.4 శాతం పెరిగి 730 కోట్ల డాలర్లకు చేరుతుందన్నది. అదే సంస్థ 2020లో ప్రపంచ ప్రభుత్వాల ఐటీ ఖర్చు 0.6 శాతం తగ్గి 43,800 కోట్ల డాలర్ల దగ్గర నిలుస్తుందని కూడా చెప్పింది. ఆ అంకెను ఎవరూ ఎత్తరు. అసలు రెండూ అంచనాలే. అంచనాను ఖర్చుగా రాస్తే మాస్టారు వ్యాసం తిరగ్గొట్టేవారు.

ఖజానా వైపు నుంచి చూడండి. 2020 ఏప్రిల్ 8న కేంద్ర ఆర్థిక శాఖ మంత్రిత్వ శాఖల్ని మూడు వర్గాలుగా విడదీసింది. మొదటి మూడు నెలల్లో రెండో వర్గం ఏడాది బడ్జెట్లో 20 శాతానికి, మూడో వర్గం 15 శాతానికి మించకూడదంది. అంతకు ముందే మార్చి 31న మన రాష్ట్రం ఉద్యోగుల జీతాల్లో, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేస్తూ జీవో ఇచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో ఆ బకాయిల మీద 6 శాతం వడ్డీ కట్టమని తీర్పొచ్చింది. జీతమే పూర్తిగా ఇవ్వలేని నెలలో కంప్యూటర్లకు కొత్త డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? వేరే పద్దుల నుంచి మళ్లించారని అంటారు. మళ్లించి ఉంటే బిల్లు ఉంటుంది. చూపించమంటున్నాను.

మరి ఆ రోజుల్లో పని ఎలా జరిగిందంటే, ముందే పెట్టిన ఖర్చు వల్ల. మన రాష్ట్రంలో గ్రామ, వార్డు వాలంటీర్లు 2019 ఆగస్టు 15న వచ్చారు. గ్రామ, వార్డు సచివాలయాలు అక్టోబరు 2న వచ్చాయి. వైరస్ పేరు అప్పటికి ఎవరూ వినలేదు. అప్పట్లో 15 వేల పైచిలుకు సచివాలయాలు, ఊళ్లో డిజిటల్ అసిస్టెంటు, సుమారు యాభై ఇళ్లకొక వాలంటీరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. 2020 ఏప్రిల్లో ఇంటింటికీ పింఛను ఇచ్చేటప్పుడు అంటుకుంటుందని వేలిముద్ర మానేశారు. ఫోన్లో ఫొటో తీసి, చోటు నమోదయ్యేలా ఎక్కించారు. అన్నేళ్లుగా డబ్బు పోసి కొన్న వేలిముద్ర యంత్రం పక్కన పడింది, ఫోను పట్టుకుని గడప దగ్గర నిలబడిన మనిషి పని నడిపించాడు. జ్వరాల సర్వే వివరాలు ఎక్కిందీ వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల కాళ్ల మీదే. వాళ్లకిచ్చిన డబ్బు ఏ లెక్కలోనూ ఐటీ ఖర్చుగా కనిపించదు. వాళ్లు పంపిన సమాచారం మాత్రం డిజిటల్ విజయంగా నివేదికలకెక్కింది.

హుద్‌హుద్‌ను చూసిన ఊరు మనది, తుపానుకూ అంటువ్యాధికీ తేడా మనకు తెలియాలి. 2014 అక్టోబరు 12 తర్వాత ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పుతో పునర్నిర్మాణ ప్రాజెక్టు వచ్చింది, నగరంలో కరెంటు తీగలు భూగర్భంలోకి వెళ్లాయి. తుపాను తీగలు తెంచుతుంది కాబట్టి తీగల మీద ఖర్చు న్యాయమే. అంటువ్యాధి తీగను ముట్టదు, మనిషిని ఆపేస్తుంది. అప్పుడు ఖర్చు మనిషి మీదకు వెళ్లాలి. ఈ మాట నేను ఎన్ని సభల్లో చెప్పినా పరికరాల జాబితానే జవాబుగా వస్తోంది.

కొని పెట్టుకోవడం వేరు, నడుపుకోవడం వేరు. 2020 మే 7 తెల్లవారుజామున, వెంకటాపురం దగ్గర కర్మాగారం నుంచి లీకైన స్టైరిన్ ఆవిరి జనాన్ని చంపింది. ఆ కర్మాగారంలో 36 చోట్ల సైరన్ మీటలున్నా సైరన్ మోగలేదని హైపవర్ కమిటీ రాసింది. దీనికి భిన్నంగా, మరుసటి ఏడాది ఏప్రిల్లో మన ఉక్కు కర్మాగారం నుంచి ఏడు ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయల్దేరింది. ఉక్కు కోసం కట్టి, రోజూ నడుపుతూ వచ్చిన ఆక్సిజన్ ప్లాంట్లు కాబట్టే ఆ రోజు అందుకున్నాయి. ఆ కర్మాగారాన్ని అమ్మాలని కేంద్రం నిర్ణయించింది అంతకు మూడు నెలల ముందే, జనవరి 27న. ఆ బాధ ఈ ఊరివాణ్ణిగా ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

కోవిడ్ పేరు చెప్పి నిజంగా జరిగిన పెద్ద కొనుగోలు ట్యాబులు. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ఇచ్చారు. మరుసటి ఏడాది మన ఏజెన్సీలోని చింతపల్లిలో రెండో విడత మొదలైంది. బడులు తెరిచాక వచ్చిన ట్యాబులవి. మూసి ఉన్న 2020లో పిల్లలకు ప్రభుత్వం పంపగలిగింది దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యామృతం' పాఠాల్లాంటివే. ట్యాబుల్లో బైజూస్ పాఠాలు పెట్టారు. ఆ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కోవిడ్ ఫలితం ఇదేనంటే ఇంతవరకూ ఒప్పుకుంటాను. అయితే పగిలిన అద్దానికి, పాతబడిన పాఠానికి డబ్బు ఏ పద్దులో ఉందో అడుగుతాను. కేంద్రం 2023 ఏప్రిల్ 1 నుంచి పద్దుల జాబితా సవరించి డిజిటల్ పరికరాలకు విడిగా చోటిచ్చింది. మంచిదే. పరికరాన్ని ఇంటింటికీ మోసేవాళ్ల కూలి అందులోకి రాదు. 2024 జూలై 1న పింఛన్లు సచివాలయ ఉద్యోగులు పంచారు, వాలంటీర్ల వ్యవస్థ ఆగిపోయింది. ఐటీ ఆస్తిగా ఎన్నడూ రాసుకోలేదు కనుక ఏం పోగొట్టుకున్నామో చెప్పే లెక్కా లేదు.

ఆ లెక్క కట్టడమే ఇప్పుడు నా పని. గాజువాక వార్డుల నుంచి చింతపల్లి పంచాయతీల దాకా 2020, 2021 నాటి బిల్లు పుస్తకాలు చదువుతున్నాను. రీఛార్జి, టోనర్, బ్యాటరీ, రిపేరు, ఆటో కిరాయి, సొంత జేబు నుంచి పెట్టి తర్వాత రాబట్టుకోలేకపోయినవి, అన్నీ. గడువు తీరిన వోచర్లను ఆఫీసులు తీసేస్తుంటాయి. మీలో సచివాలయాల్లో, పీహెచ్‌సీల్లో, జీవీఎంసీ జోన్లలో పనిచేసినవాళ్లున్నారు. ఆ పుస్తకాలు ఇంకా బీరువాల్లో ఉంటే కబురు చెయ్యండి. నేనే వచ్చి, అక్కడే కూర్చుని రాసుకుంటాను.