దూరంవారికి దణ్ణం, దగ్గరవారికి?



మొన్నామధ్య చీమకుర్తిలో మా పిన్ని ఇంటికి వెళ్ళాను. వంటగట్టుకు నల్లరాయి వేయించారు. నలుపులో బంగారు నలుసుల్లాంటి చుక్కలు. ఆ చుట్టుపక్కల క్వారీల్లో తీసిన రాయే అది. బ్లాక్ గెలాక్సీ అనే పేరుతో దేశదేశాలకూ వెళుతుంది. మీలో కొందరి వంటిళ్ళలోనూ వుండే వుంటుంది.

పిన్ని గట్టు తుడుస్తూ, "ఇది తుడిచినప్పుడల్లా రాయి కోసినవాళ్ళు గుర్తొస్తారే. ఎంత దుమ్ము మింగారో, చల్లగా వుండాలి!" అన్నది. ఆ మాటలో నిజముంది. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయంకాని జబ్బు వస్తుంది. నీళ్ళు పోస్తూ రాయి కోస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. ఆ సంగతి కూడా తెలిసి తలుచుకుంటేనే తలుచుకున్నట్టు.

కృతజ్ఞత అన్న మాటలోనే వున్నదిగదా, చేసినదాన్ని ఎరిగి వుండటం అని! నాకిది వుంది, అది వుంది అని లెక్కపెట్టుకుంటే అది తృప్తి. ఇది ఫలానావారు చేశారు అనుకుంటే కృతజ్ఞత. "తిండి పెడుతున్నాం, పడి వుండు" అనేవాళ్ళకు తలవంచటం మాత్రం రెండూ కాదు. అటువంటిచోట నోరు విప్పవలసిందే.

మన ఇళ్ళల్లో ధన్యవాదాలు అంటే సభలో మాట్లాడినట్టుంటుంది. మంచినీళ్ళిచ్చిన పిల్లను "నూరేళ్ళు చల్లగా వుండు తల్లీ" అనేవారు పెద్దవాళ్ళు. భోంచేసి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనేవారు. వండిన ఇల్లాలి ముఖం చూసి అన్న మగవారెందరో, అది వేరే సంగతి!

అమెరికాలో ఎమన్స్, మెకల్లఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2003లో ఒక పరిశోధన ప్రకటించారు. కొందరిచేత తమకు జరిగిన మేళ్ళు, ఇంకొందరిచేత చిరాకు పెట్టిన సంగతులు రాయించారు. వారానికొకసారి చొప్పున పది వారాలు మేళ్ళు రాసినవారు తమ జీవితం బాగున్నదని రెండోవారికన్నా ఎక్కువగా చెప్పారు. రోజూ రాసిన మరో జట్టువారైతే ఒకరి కష్టంలో తోడు నిలిచామని కూడా చెప్పారట. అయితే రోజూ "ఆరోగ్యం, పిల్లలు, ఇల్లు" అని పాఠం అప్పజెప్పినట్టు రాస్తే నాలుగోనాటికి విసుగొస్తుంది. నాకు తోచిందేమిటంటే, రాత్రి పడుకోబోయే ముందు ఒక్కటి చాలు. ఎవరు, ఏం చేశారు అన్నది పేరుపెట్టి అనుకోవాలి. వీలైతే మర్నాడు వారితోనే చెప్పాలి.

ఈ చెప్పటమే కష్టం. "రాయి కోసినవాళ్ళను తలుచుకుంటావు సరే, మీ కోడలితో ఎప్పుడైనా ఒక మంచిమాట అన్నావా పిన్నీ?" అని అడిగాను. ఆ అమ్మాయి తెల్లవారుజామున లేచి, నలుగురికీ కారియర్లు సర్ది, మధ్యాహ్నం పిన్ని మోకాళ్ళకు నూనె రాస్తుంది. పిన్ని చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మా అత్త నాతో అన్నదా ఏమిటి?" అన్నది కాసేపటికి. ముప్ఫయ్యేళ్ళు దాచుకున్న మాట అది.

రాత్రి భోజనాల దగ్గర పిన్ని కంచంలోకి చూస్తూ, "అమ్మాయ్, నువ్వు రాసిన నూనెకు ఇవాళ మోకాళ్ళు తేలిగ్గా వున్నాయి" అన్నది. ఆ పిల్ల గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఒంట్లో బాగానే వుందా అత్తయ్యా?" అన్నది కంగారుగా.