గుండె మూలమున వచ్చు తలనొప్పి



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతములలో ఎవరికి తల నొచ్చినను మొదట నిందపడునది ఎండ. ఆ నింద చాలవరకు న్యాయమే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో వైశాఖమాసపు సెగకు తల పగిలినట్లుండుట వింత కాదు. ఎండ కాకున్నచో పైత్యము. అదియు కాకున్నచో కంటిచూపు. గుండెను మాత్రమెవ్వరును అనుమానింపరు.

తలనొప్పులలో అత్యధిక భాగమునకు గుండెతో సంబంధము లేదు. ఈ మాట ముందుగా చెప్పకున్నచో సభ ముగియకమునుపే కొందరు తమ నాడి తాము చూచుకొందురు! అయినను అరుదైన యొక తలనొప్పి కలదు. గుండె కండరమునకు రక్తము చేర్చు ధమనులు క్రొవ్వు పేరుకొని యిరుకైనపుడు, శ్రమవేళ దానికి వలసినంత రక్తమందదు. అపుడు సాధారణముగా రొమ్ము బిగియును. ఎడమచేయి, దవడ లాగును. కొందరికి మాత్రము ఆ బాధ తలలో తోచును. రొమ్మున నొప్పి లేశమైనను ఉండకపోవచ్చును. 1997లో రిచర్డు లిప్టను మొదలగు వైద్యులు దీనికి ‘కార్డియాక్ సెఫాల్జియా’ అని పేరిడిరి. 2004లో ఇది అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో చేరినది. గుండెనుండియు, తలనుండియు వచ్చు నాడులు ఒకచోట కలియుటచే మెదడు నొప్పి తావును పొరబడుననుట ఒక వాదము. గుండె నీరసించి, తలనుండి రక్తము మరలుట మందగించి, పుఱ్ఱెలోని యొత్తిడి పెరుగుననుట వేరొక వాదము.

దీనిని పసిగట్టుటెట్లు? నల్లమలలోని సలేశ్వరము జాతరకు పోయినవారు లోయ నుండి తిరిగి యెక్కునపుడు తలనొప్పి లేచి, రాతిపై కూర్చుండగా తగ్గి, నడిచిన మరల వచ్చిన దనుకొందము. అప్పటికి ఎండనే నిందింపవచ్చును. కాని తెల్లవారుజామున చల్లనివేళ నీళ్ళబిందె యెత్తినను, నీడపట్టున మెట్లెక్కినను అదే నొప్పి వచ్చుచున్నచో ఎండకు అందులో పాలెక్కడిది? ఏబదియేండ్లు దాటినవారు, మధుమేహము, రక్తపుపోటు, పొగత్రాగు అలవాటు గలవారు దీనిని ఉపేక్షింపరాదు. వమనము వచ్చునట్లుండుటయు కలదు.

అసలు ప్రమాదము మందుల అంగడిలో నున్నది. దీనిని పార్శ్వపునొప్పియని భ్రమించి, ఎర్గాటమిన్, ట్రిప్టాన్ జాతి మాత్రలు మ్రింగినచో అవి రక్తనాళములను ముడుచుకొనజేయును. ఇరుకైన గుండెధమని మరింత ఇరుకగును. దీనిని తగ్గించునది నైట్రోగ్లిజరిన్. చిత్రమేమనగా ఆ మందు అన్యులకు తలనొప్పి తెప్పించును. డైనమైటు కర్మాగారములలోని పనివారికి ఆ బాధ బాగుగా తెలిసినదే. డైనమైటును కనిపెట్టిన నోబెలుకే చివరియేండ్లలో గుండెజబ్బునకు వైద్యులు దానిని నిర్ణయించిరి! అట్లని స్వయముగా దానిని పరీక్షింపరాదు. అకస్మాత్తుగా భరింపరాని తలనొప్పి వచ్చినను, కాలుసేతులు చచ్చుబడినను అది మెదడులోని రక్తస్రావమై యుండవచ్చును. అపుడు ఆస్పిరిన్ కూడ కీడే. 108 వాహనమును పిలువవలెను.

వనపర్తిలోను, నాగర్‌కర్నూల్‌లోను 2022లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. అయినను విశ్రాంతిగా పండుకొన్నపుడు తీసిన ఇ.సి.జి. సరిగానే యుండవచ్చును; నడిపించుచు చేయు పరీక్షలో గాని లోపము బయటపడక పోవచ్చును. కనుక వైద్యునితో “తల నొచ్చుచున్నది” అని మాత్రము చెప్పి యూరకుండక, ఏ పని చేయగా వచ్చినదో, ఎంతసేపు కూర్చుండగా పోయినదో కూడ చెప్పవలెను.