ఒక పిచర్‌కు మూడు బేరాలు



ఎడ్ల సంతలో బేరం ఎలా సాగుతుందో మన సరిహద్దు జిల్లాల వాళ్ళకు చెప్పనక్కరలేదు. మనం సంత అన్నా, పక్కింటి కన్నడిగులు సంతె అన్నా పద్ధతి ఒకటే. చేతుల మీద తువాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి కూడా అంకె తెలియదు. ఈ రోజు నేను మీకు చెప్పబోయే బేరానికి మాత్రం తువాలు లేదు. ఎవరు ఏమిస్తామన్నారో మర్నాడు పొద్దున్నే పత్రికల్లో వచ్చేది. అమ్మేవాడికి అదే పెద్ద ఇబ్బంది అయింది.

ఇది అమెరికాలో 2007 చలికాలంలో జరిగిన సంగతి. ఆట బేస్‌బాల్. మనకు అలవాటైన ఆట కాదు కనుక రెండు మాటలు చెబుతాను. మన క్రికెట్లో బౌలరు ఉన్నట్టే అందులో పిచర్ ఉంటాడు. బంతిని నేలకు తగలనీయకుండా నేరుగా విసురుతాడు. ఆట మొదలుపెట్టే పిచర్ రోజూ ఆడడు. ఒకనాడు వంద బంతుల దాకా విసిరాక నాలుగు రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వాలి. ఏడాదికి 162 ఆటలుంటే, ఎంత గొప్పవాడైనా 33, 34 ఆటలే మొదలుపెడతాడు. అయినా ఆ 34 రోజులూ అతనిదే రాజ్యం.

ఇంకో తేడా కూడా ఉంది. మన ఐ.పి.ఎల్. మొదటి వేలం 2008 ఫిబ్రవరిలో జరిగింది. హైదరాబాద్ పేరు మీద ఆడిన డెక్కన్ చార్జర్స్ ఆ రోజు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు పాడుకుంది. అక్కడ డబ్బు పెట్టి మనిషిని తెచ్చుకున్నారు. బేస్‌బాల్ మార్పిడిలో ముఖ్యంగా మనిషికి మనిషే. మన పెద్దవాళ్ళు కుండమార్పిడి సంబంధాలు చేసుకునేవారు చూడండి, మీ పిల్లను మా ఇంటికివ్వండి, మా పిల్లను మీ ఇంటికిస్తాం అని. దాదాపు అలాంటిదే. అయితే ఇక్కడ ఒక పెద్దవాడిని ఇచ్చి నలుగురు చిన్నవాళ్ళను తెచ్చుకోవచ్చు.

ఇక అసలు మనిషి. పేరు జొహాన్ శాంటానా. వెనిజులా దేశంలోని తోవార్ అనే ఊళ్ళో 1979లో పుట్టాడు. ఎడమచేతి వాటం. వేగంగా వస్తుందనుకున్న బంతి బ్యాట్స్‌మన్ దగ్గరికొచ్చేసరికి నెమ్మదించేది, వాడు ముందే బ్యాటు తిప్పేసి గాలిని కొట్టేవాడు. 1999 డిసెంబరులో మిన్నెసోటా ట్విన్స్ జట్టుకు అతను దాదాపు ఊరికే దొరికాడు. 2004లోనూ 2006లోనూ అమెరికన్ లీగులో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ బహుమతి గెలిచాడు. రెండుసార్లూ ఒక్క ఓటు కూడా పక్కకు పోలేదు.

మరి అలాంటివాణ్ణి ఎందుకు వదులుకోవాలి? 2008 చివరికి అతని ఒప్పందం ముగుస్తుంది. ఆ తరవాత ఎక్కడికైనా పోవచ్చు. మిన్నెసోటా అంత ధనవంతమైన జట్టు కాదు. ఆ 2007 నవంబరులోనే వాళ్ళ అభిమాన ఆటగాడు టోరీ హంటర్ 9 కోట్ల డాలర్ల ఒప్పందం మీద కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. జస్టిన్ మోర్నో అనే మరో ఆటగాడికి 2008 జనవరిలో వీళ్ళు 8 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. ఇక శాంటానా అడిగేది ఆ రెండింటికన్నా ఎక్కువ. పైగా జట్టు వ్యవహారాలు చూసే బిల్ స్మిత్ ఆ పదవిలోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. కొత్తగా పెద్దరికం వచ్చినవాడికి మొదటి బేరమే ఇంటి పెద్ద కొడుకును గురించి అయింది.

ఇక్కడ శ్రోతలు ఒక సంగతి గమనించాలి. ఏ బేరమూ కుదుర్చుకోకుండా ఊరుకుంటే నష్టమేనా? కాదు. 2008 అంతా శాంటానా కోటీ 32 లక్షల 50 వేల డాలర్ల జీతానికి ఆడతాడు. ఏడాది చివర వెళ్ళిపోతే, అప్పటి నిబంధనల ప్రకారం, పరిహారంగా కొత్త కుర్రవాళ్ళ ఎంపికలో రెండు అదనపు అవకాశాలు వస్తాయి. అంటే గొప్ప పిచర్ ఒక ఏడాది, పైన ఇద్దరు కొత్తవాళ్ళు. కాబట్టి వచ్చే ప్రతి బేరాన్నీ ముందు దీనితో తూచాలి. పత్రికలవాళ్ళు మూడు బేరాలనూ ఒకదానితో ఒకటి తూచారు గాని, ఈ నాలుగోదాన్ని తక్కెడలో పెట్టినవాళ్ళు తక్కువే.

వచ్చిన బేరాలేమిటి? పత్రికల కథనాల ప్రకారం న్యూయార్క్ యాంకీస్ వాళ్ళు ఫిల్ హ్యూస్ అనే 21 ఏళ్ళ పిచర్‌ను, మెల్కీ కబ్రేరా అనే ఆటగాణ్ణి, ఇంకొందరిని ఇవ్వడానికి సిద్ధపడ్డారు. బోస్టన్ రెడ్ సాక్స్ వాళ్ళ దగ్గర రెండు రకాల మాటలు నడిచాయి. ఒకదానిలో జాన్ లెస్టర్ అనే పిచర్ ముఖ్యుడు, రెండోదానిలో జాకబీ ఎల్స్‌బరీ అనే పరుగువీరుడు. ఇద్దరినీ కలిపి మాత్రం ఇవ్వమన్నారు. ఈ లెస్టర్ కథ వేరు. 2006లో అతనికి కేన్సరు అని తేలింది. చికిత్స చేయించుకుని తిరిగొచ్చి, 2007 అక్టోబరులో ప్రపంచ సిరీస్ ఆఖరి ఆటను తనే గెలిపించాడు. అతని వయసప్పుడు 23. అలాంటి కుర్రవాణ్ణి బేరంలో పెట్టడం బోస్టన్ వాళ్ళకు తేలికైన పని కాదని వేరే చెప్పాలా?

మూడో జట్టు న్యూయార్క్ మెట్స్. 17 ఆటలే మిగిలి ఉండగా 7 ఆటల ఆధిక్యంలో ఉండి కూడా 2007లో వాళ్ళు ఆ స్థానం పోగొట్టుకున్నారు. ఊరంతా నవ్వింది. వాళ్ళ అవసరం అందరికన్నా ఎక్కువ. వాళ్ళ దగ్గరున్న సరుకు మాత్రం అందరికన్నా పల్చన.

నాకు ఈ కథలో అన్నింటికన్నా ఆసక్తి కలిగించేది కొనేవాళ్ళ మనసు. యాంకీస్, రెడ్ సాక్స్ ఒకే విభాగంలో పోరాడే పాత విరోధులు. శాంటానా తమకు కావాలని ఎంత ఉన్నా, అవతలివాడికి దక్కకూడదన్నది అంతకన్నా బలంగా ఉన్నట్టు వాళ్ళ నడవడి చూస్తే తోస్తుంది. ఇలాంటి పాటదారు ఉన్నంతసేపూ ధర పెరుగుతుంది. ఒకడు చేతులు దులుపుకుంటే రెండోవాడి ఉత్సాహమూ చల్లబడుతుంది. డిసెంబరు మొదట్లో జరిగింది అదే. యాంకీస్ యజమానుల ఇంటి హ్యాంక్ స్టైన్‌బ్రెనర్ ఒక గడువు పెట్టి, అది దాటగానే వెనక్కి తగ్గామన్నాడు. బోస్టన్ వాళ్ళు తమ మాటను ఆ పైన పెంచలేదు. మిన్నెసోటా ఇంకా మంచి బేరం వస్తుందని ఎదురు చూసింది. డిసెంబరు పోయింది, జనవరి కూడా పోవస్తోంది. పొద్దు వాలాక సంతలో ఎడ్లను పట్టుకుని నిలబడ్డవాడి పరిస్థితి.

జనవరి 29న మెట్స్‌తో బేరం కుదిరింది. కార్లోస్ గోమెజ్, ఫిలిప్ హంబర్, కెవిన్ మల్వీ, డియోలిస్ గెర్రా, ఈ నలుగురు. గెర్రాకు 18 ఏళ్ళు. మన దగ్గరైతే ఇంటర్ పరీక్ష రాసే వయసు. మెట్స్ వాళ్ళు ఫిబ్రవరి మొదట్లో శాంటానాకు 6 ఏళ్ళకు 13 కోట్ల 75 లక్షల డాలర్లు రాసిచ్చారు. అప్పటికి ఏ పిచర్‌కూ అంత ఒప్పందం లేదు.

ఇలా ఒకడికి పలువురిని తెచ్చుకోవడం తప్పేమీ కాదు. ఇదే మిన్నెసోటా 1989 జూలైలో ఫ్రాంక్ వయోలా అనే సై యంగ్ విజేతను ఇదే మెట్స్‌కు ఇచ్చి ఐదుగురు పిచర్లను తీసుకుంది. వాళ్ళలో కెవిన్ టపాని 1991లో 16 ఆటలు గెలిచాడు. రిక్ అగిలేరా ఆ ఏడాది 42 ఆటలను చివరిదాకా కాపాడాడు. జట్టు ప్రపంచ సిరీస్ గెలిచింది. అయితే అగిలేరా అప్పటికే పెద్ద లీగులో నాలుగేళ్ళుగా ఆడుతున్నవాడు. తొంభై శాతం పండిన కాయ ఒకటి ఆ బుట్టలో ఉంది. 2008 నాటి బుట్టలో అన్నీ పిందెలే. తలలు లెక్కపెడితే నలుగురూ, ఐదుగురూ దాదాపు ఒకటిగానే కనిపిస్తారు. లెక్క అక్కడే తప్పింది.

తరవాత ఏమైందంటారా? 2008లో శాంటానా లేకుండానే మిన్నెసోటా బాగా ఆడింది. చికాగో వైట్ సాక్స్‌తో సమానంగా నిలిచి, తేల్చుకోవడానికి ఒక అదనపు ఆట ఆడాల్సి వచ్చింది. సెప్టెంబరు 30న ఆ ఆటను 1-0తో ఓడిపోయింది. ఒక్క పరుగు. ఇందాక నేను చెప్పిన నాలుగో బేరాన్ని ఇప్పుడు మీరే తూచి చూడండి. ఆ ఏడాది శాంటానా మెట్స్‌కు 16 ఆటలు గెలిపించాడు. ఏడాది చివర మోకాలు దెబ్బతిని ఉన్నా ఎదుటి జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వకుండా పూర్తి ఆట విసిరాడు. ఆ మర్నాడు జట్టు ఓడిపోయి ఇంటిముఖం పట్టింది. లెస్టరేమో 2008 మే నెలలోనే ఒక్క హిట్టూ ఇవ్వని ఆట ఆడి, ఆ తరవాత మొత్తం 200 విజయాల దాకా వెళ్ళాడు.

యాంకీస్ వెనక్కి తగ్గి నష్టపోలేదు. హ్యూస్‌ను అట్టే పెట్టుకుని, 2008 చివర సీసీ సబాతియా అనే మరో గొప్ప ఎడమచేతి పిచర్‌ను కేవలం డబ్బుతో తెచ్చుకున్నారు. 2009లో ప్రపంచ సిరీస్ గెలిచారు. ఇది ధనవంతుడి వెసులుబాటు. అది మిన్నెసోటాకు లేదు.

ఆ నలుగురు కుర్రవాళ్ళ మీద అక్కడివాళ్ళు చాలా విసుక్కున్నారు. నాకు ఆ విసుగు న్యాయంగా తోచదు. వాళ్ళు తమను శాంటానాతో సమానమని తూచమని ఎవరినీ అడగలేదు. గోమెజ్‌ను 2009 నవంబరులో మిల్వాకీకి ఇచ్చేశారు. అక్కడ కుదురుకుని 2013, 2014లలో ఆల్ స్టార్ ఆటకు ఎంపికయ్యాడు. గెర్రా పెద్ద లీగులో అడుగుపెట్టేసరికి 2015 వచ్చింది, అదీ వేరే జట్టులో. హంబర్ చేతులు మారుతూ చికాగో చేరి, 2012 ఏప్రిల్ 21న వచ్చిన 27 మందినీ వచ్చినట్టే పంపించి పర్‌ఫెక్ట్ గేమ్ ఆడాడు. అదే జూన్ 1న శాంటానా మెట్స్‌కు ఆ జట్టు 50 ఏళ్ళ చరిత్రలో మొదటి నో హిట్టర్ సాధించిపెట్టాడు. అందుకు 134 బంతులు విసరాల్సి వచ్చింది. భుజానికి శస్త్రచికిత్స జరిగి 2011 అంతా ఆడని మనిషి. ఆ ఆగస్టు తరవాత మళ్ళీ పెద్ద లీగులో అతను బంతి పట్టలేదు.

ఇక ఫిల్ హ్యూస్. యాంకీస్‌తో ఒప్పందం ముగిశాక 2013 డిసెంబరులో అతను తనంతట తానే మిన్నెసోటాతో 3 ఏళ్ళకు 2 కోట్ల 40 లక్షల డాలర్లకు ఒప్పందం రాసుకున్నాడు. ప్రతిగా ఎవరినీ ఇవ్వనవసరం లేకపోయింది. 2014లో 186 మందిని స్ట్రైకవుట్ చేసి 16 మందికే ఉచిత నడక ఇచ్చాడు. స్ట్రైకవుట్లకూ నడకలకూ ఉన్న ఆ నిష్పత్తి అప్పటికి బేస్‌బాల్‌లో ఒక రికార్డు.