వ్రాయని విద్య

నుదుటి చర్మముతోఁ దెగిన ముక్కును మరల నిర్మించు నేర్పు పూనా ప్రాంతమున ఇటుకలు చేయువారి చేతిలో నుండెను. 1794లో లండను పత్రిక యొకటి దానిని సచిత్రముగాఁ బ్రకటించెను. కార్పూ అను ఆంగ్లవైద్యుఁడు 1814లో ఆ శస్త్రచికిత్సను లండనునఁ జేసి, 1816లో గ్రంథము వ్రాసెను. ఆయన పేరు నిలిచినది. మన వైద్యుని పేరైనను మిగులలేదు!

మదరాసు పోర్టు ట్రస్టు గుమాస్తాయగు రామానుజన్ గణితసూత్రములు 1913లో జాబుగాఁ గేంబ్రిడ్జి చేరినందుననే లోకప్రసిద్ధి నొందెను. విశ్వేశ్వరయ్య పేటెంటు పొందిన స్వయంచాలక వరదతలుపులు 1903లో ఖడక్‌వాస్లా జలాశయమున నమరి, పిదప నితర జలాశయములకును వ్యాపించెను.

చేతిలోని నేర్పు చేతితోనే నశించును. కాగితమున కెక్కినది తరతరములకు నిలుచును. కావున యువకులారా! మీ యూరి పనివాఁ డెఱిఁగినదానిని అడిగి వ్రాయుఁడు, పరీక్షింపుఁడు, దోషమున్న దిద్దుఁడు, అతని పేరుతోనే ప్రకటింపుఁడు.