గేటుకి కాదు, ల్యాబుకి ఇద్దాం



విజయవాడ థర్మల్ కేంద్రంలో పొగలోని బూడిదను పట్టే యంత్రం ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. దాన్ని పరిశ్రమలకు పనికొచ్చేలా చేసిన ఫ్రెడరిక్ కాట్రెల్ బర్క్‌లీలో కెమిస్ట్రీ చెప్పినవాడు. పేటెంట్ల మీద సొమ్ము చేసుకోకుండా వాటితో 1912లో రీసెర్చ్ కార్పొరేషన్ పెట్టించాడు. పాఠమూ పరిశోధనా రెండూ చేసే యువ అధ్యాపకులకు ఆ సంస్థ 1994 నుంచి కాట్రెల్ స్కాలర్ గ్రాంట్లు ఇస్తోంది; ఇప్పుడు డిగ్రీ మాత్రమే ఉన్న చిన్న కాలేజీల వాళ్ళకి కూడా.

నేను బీఎస్సీలో టైట్రేషన్ రీడింగులు సీనియర్ల రికార్డు చూసి దించేశాను. మా లెక్చరర్‌కి చేతకాక కాదు, సిల్వర్ నైట్రేట్ కొనడానికి డబ్బుల్లేక. మనమేమో కాలేజీ గేట్లకీ విగ్రహాలకీ చందాలిస్తాం (నేనూ ఇచ్చాను లెండి). ఈసారి ఒక్క యువ లెక్చరర్‌కి, ఆయనతో పనిచేసే ముగ్గురు విద్యార్థులకి రెండేళ్ళ ఖర్చు భరిద్దాం. ఫారాలు వెనక బల్ల మీదున్నాయి.