మూలబడిన కుట్టు మిషనులు
(ఖిలా వరంగల్లులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనము నేడు కూడిన ఈ ఖిలా వరంగల్లు కాకతీయుల రాజధాని. గణపతిదేవుడు పూనుకొనగా రుద్రమదేవి ముగించిన రాతికోట మన కనుచూపు మేరలోనే ఉన్నది. నాలుగు దిక్కుల నిలిచిన తోరణములను, నేలపై పడియున్న శిల్పములను పురావస్తు శాఖవారు కాపాడుచున్నారు. రాతికి కావలివారు కలరు. నేను ముచ్చటింపబోవు పాత వస్తువునకు మాత్రము కావలి లేదు. అది మీ పంచాయతీ కార్యాలయపు వెనుక గదిలోనో, తాళము పడిన మహిళామండలి భవనములోనో, ఎవరి యింటి అటకమీదనో దుమ్ము కప్పుకొని యుండును. అది నల్లని ఇనుప కుట్టు మిషను.

ఇట్టి మిషనులు మన పల్లెలకు పలు దారుల వచ్చినవి. తరతరములుగా కుట్టుపనియే జీవనోపాధిగా గల మేరవారు అప్పుచేసి కొనుక్కొన్నవి కొన్ని. ఆడపిల్లకు పెండ్లినాడు పెట్టి పంపినవి కొన్ని. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిదప మహిళామండలులలో కుట్టుపని నేర్పుట ఒక ముఖ్య కార్యక్రమమైనది. అందుకై ప్రభుత్వ ధనముతో కొన్నవి మరికొన్ని. ఈ కడపటివి ప్రజల ఆస్తి. వాని మంచిచెడ్డలకు మీరే బాధ్యులు. పాత సామగ్రిని వేలము వేయునపుడు విరిగిన కుర్చీలతో, తుప్పు పట్టిన రేకులతో పాటు ఈ మిషనులు కూడ తూకమునకు పోవుచున్నవి. కొన్నవాడు మిషనును పాత ఇనుములో వేసి, దాని ఇనుప కాళ్ళను పట్టణములలోని ఫలహారశాలలకు బల్లలుగా అమ్ముకొనును. చక్కగా కుట్టగలిగిన యంత్రము ఈ విధముగ నశించుట న్యాయము కాదు. అందుకే ఈ విషయమును మీ ముందుంచుచున్నాను.

అమెరికా దేశమున ఎలియాస్ హోవే 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను తమ కుట్టు యంత్రములకు హక్కుపత్రములు పొందిరి. సూది మొనవద్దనే బెజ్జముండుటయు, పైదారము క్రిందిదారముతో ముడివడుటయు నాటి నుండి నేటివరకు మారలేదు. యంత్రముల మోజును నిరసించిన గాంధీ మహాత్ముడు సైతము 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగరు మిషనును మినహాయించి, మానవునకు నిజముగ ఉపకరించిన కొలది వస్తువులలో దానిని చేర్చెను.

మన దేశమునకు వచ్చిన సింగరులలో పెక్కు స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ పట్టణమున గల కిల్బోవీ కర్మాగారమున తయారైనవి. మిషను పీఠముపై కుడివైపున అక్షరమును, అంకెలును పోతపోసినట్లుండును. ఆ సంఖ్యను బట్టి అది ఏ కర్మాగారమున, ఏ సంవత్సరపు విడతలో తయారైనదో తెలిసికొనవచ్చును. 15కె అను రకములోని ‘కె’ కిల్బోవీకి గుర్తు. 1885లో తెరచిన ఆ కర్మాగారము 1980లో మూతపడినది. 1934లో మన వరంగల్లున వెలసిన ఆజంజాహీ మిల్లు కూడ ఇప్పుడు లేదు. మిల్లులు పోయినను ఆ మిల్లు గుడ్డను కుట్టిన మిషను మాత్రము నూనె చుక్క పడిన నేడును కదలును.

సభ్యులు ముఖ్యముగ ఎరుగవలసిన సంగతి ఒకటి కలదు. కలకత్తాలోని జయ్ ఇంజనీరింగ్ వర్క్స్‌వారు 1930ల దశకమున ఆరంభించిన ఉషా మిషనులును, తరువాత మన దేశమున వచ్చిన ఇతర నల్ల మిషనులును చాలవరకు ఆ సింగరు 15వ రకపు పోలికనే నిర్మింపబడినవి. అందువలన వాని సూదులు, గుండ్రని బాబినులు, బాబిను కేసులు, స్ప్రింగులు నేటికిని అంగళ్ళలో దొరకుచున్నవి. లూధియానాలో ఈ భాగములు విరివిగా తయారగును. అంతకంటె పాతదైన మరియొక రకమున్నది. దాని అడుగున గుండ్రని బాబినుకు మారుగా, మన నేతపనివారి నాడెను బోలిన చిన్న ఉక్కు నాడె ముందువెనుకలకు ఊగుచుండును. దాని భాగములు సులువుగా దొరకవు. కనుక అట్టి మిషను కనబడినప్పుడు నాడెను, సన్నని పొడుగు బాబినులను ముందుగా వెదకి భద్రపరుపవలెను. అవి పోయినచో మిషను అలంకారమునకే మిగులును.

ఇక మరమ్మతు మాట. బిగిసిపోయిన మిషనును చూచి చెడిపోయినదని తీర్మానింపరాదు. అది బిగియుటకు తరచుగా తుప్పు కారణము కాదు. ఎవరో పోసిన కొబ్బరి నూనెయో ఆముదమో జిగురుగా గట్టిపడుటయే కారణము. చక్రమును బలవంతముగ తిప్పరాదు. కదలు ప్రతి కీలువద్ద కొంచెము కిరసనాయిలు వేసి, ఒక దినము ఆగి, చక్రమును మెల్లగ అటునిటు ఊపవలెను. కదలినంత మేరకు కదలించి మరల వేయవలెను. ఓపిక గలవారికి రెండు మూడు దినముల పని. కిరసనాయిలు మురికిని కరగించునే గాని కీళ్ళకు నునుపు నియ్యదు. కనుక దానిని తుడిచివేసి మిషను నూనె వేయుట మరువరాదు. పైనున్న బంగారు పువ్వులపై స్పిరిటు తగులనీయకుడు. పై మెరుగు కరగిపోవును.

తరువాత సూదిక్రింది పలకను విప్పి చూడవలెను. గుడ్డను జరుపు పళ్ళ నడుమ ఏండ్ల తరబడి దూది నూగు అట్టకట్టి యుండును. దానిని తీసిన మాత్రముననే సగము మిషనులు దారికి వచ్చునని పాతకాలపు దర్జీలు చెప్పుదురు. నేను చూచినంతలో అది అతిశయోక్తి కాదు. చక్రము తిరుగుచున్నను సూది కదలనిచో, చక్రము నడుమనున్న చిన్న బిగింపును చూడుడు. బాబినుకు దారము చుట్టుటకై వదులుచేసి మరల బిగింపకపోవుటయే కారణము కావచ్చును. ఇంత చిన్న లోపముతో మూలకు చేరిన మిషనులు కలవు. సూదికి ఒక ప్రక్క పొడవైన గాడి యుండును. దారము ఆ ప్రక్కనుండియే బెజ్జములోనికి పోవలెను. గుడ్డ అడుగున దారము ఉచ్చులు పడినచో లోపము పైదారపు బిగువులోను, పైన పడినచో బాబిను దారములోను వెదకవలెను. కాలి మిషను తోలుపట్టా సాగినచో కొంచెము కోసి మరల తీగతో కలిపిన చాలును.

అన్ని మిషనులను బాగుచేయవచ్చునని నేను చెప్పను. లోపలి ఇరుసులు అరిగి ఆడుచున్నదానిపై ధనము వెచ్చించుట దండుగ. దానిని విప్పి మంచి భాగములను వేరొక దానికి వాడుకొనుడు. పాత మిషను వేగమున విద్యుత్తు మిషనుకు సాటి రాదు, అంచుకుట్టు వేయలేదు. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోని కర్మాగారములతో దానిని పోల్చుట హాస్యాస్పదము. ఇంటివద్ద కుట్టుకొను స్త్రీకి కావలసినది వేరు. కరెంటు పోయినను నడచునదియు, ముతక గుడ్డకు వెరువనిదియు, ఊరిలోనే బాగుచేయించుకొనదగినదియు ఆమెకు కావలెను.

అట్టి పని మన గ్రామములకు వచ్చినది కూడ. 2024లో రాష్ట్ర ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల బాలబాలికల ఏకరూప దుస్తులను కుట్టు పనిని మహిళా సంఘములకు అప్పగించినది. మిషను లేనందున ఒక సభ్యురాలు ఆ కూలికి దూరమగుటయు, అదే ఊరి పంచాయతీ గదిలో మిషను తుప్పు పట్టుటయు ఒకేసారి జరుగుట ఎంత విచారకరమో యోచింపుడు. కొత్త మిషను కోరువారికి 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున మార్గమున్నది. అందలి 18 వృత్తులలో దర్జీ వృత్తి ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము కలదు. గ్రామమున ఆ దరఖాస్తును తొలుత పరిశీలించునది పంచాయతీయే. కొత్తది వచ్చినదని పాతదానిని పారవేయవలదు. నేర్చుకొను పిల్లకు అది చాలును.

మోసమునుగూర్చి ఒక హెచ్చరిక. పాత సింగరు మిషనులో ‘ఎర్ర పాదరసము’ అను అమూల్య పదార్థమున్నదని 2009లో సౌదీ అరేబియాలో వదంతి పుట్టి, జనులు పాత మిషనులకు వేలకు వేలు పోసిరి. అది కేవలము బూటకమని అచ్చటి పోలీసువారు ప్రకటించిరి. అందు ఉక్కు, పోత ఇనుము తప్ప మరేమియు లేదు. లక్షలిత్తుమని బయానాతో వచ్చువారిని గాని, మీచేత ముందుగా రుసుము కట్టించుకొనువారిని గాని గడప త్రొక్కనీయకుడు.

ఈ మిషనులు విప్పి బిగింపగల వృద్ధ మిస్త్రీలు వరంగల్లు బజారులో, మండల కేంద్రములలో ఇంకను కొందరు కలరు. వారి వెంట నేర్చుకొను యువకులు తక్కువ. ఒక్కొక్క పంచాయతీనుండి ఒక యువకునో యువతినో వారివద్ద కొన్ని నెలలు కూర్చుండబెట్టుట పెద్ద వ్యయము కాదు. మీ ఊరి మిషనులను బాగుచేయించు కూలినే వారికి అభ్యాసమునకు తోడు చేయవచ్చును.

వచ్చు సమావేశమునకు ప్రతి పంచాయతీయు తన మిషనుల పట్టికను తేవలెనని కోరుచున్నాను. ఎచ్చట నున్నది, చేతి మిషనా కాలి మిషనా, చక్రము తిరుగుచున్నదా, బాబిను కేసు ఉన్నదా, పీఠముపై సంఖ్య యేమి అను వివరములు చాలును. ఆస్తి పుస్తకములో లేనివానిని ముందుగా ఎక్కింపుడు. పట్టిక పూర్తియగువరకు వేలమున చేర్చవలదు. సంఖ్య కనబడనిచో మెత్తని గుడ్డకు రెండు చుక్కల నూనె అద్ది తుడువుడు. గరుకు కాగితముతో మాత్రము గీయవలదు.