చేతిలో చెప్పిన చదువు: ‘ది మిరకిల్ వర్కర్’, ‘బ్లాక్’ చిత్రాలపై ఒక విచారణ
(స్మారకోపన్యాసం)

ఒక ఉపాధ్యాయుడి స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసానికి సినిమాను విషయంగా తీసుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. చదువు చెప్పడమనే పని నెమ్మదిగా, పైకి కనిపించకుండా సాగుతుంది. సినిమా మాత్రం కనిపించేవాటి మీదే బతుకుతుంది. చూపూ వినికిడీ రెండూ లేని పిల్లకు భాష నేర్పడం తెరకెక్కినప్పుడు ఈ ఇబ్బంది మరీ తీవ్రమవుతుంది. అలాంటి కథతో వచ్చిన రెండు చిత్రాలను ఇవాళ మీ ముందు పెడుతున్నాను. ఒకటి 1962లో ఆర్థర్ పెన్ తీసిన ‘ది మిరకిల్ వర్కర్’. రెండోది 2005లో సంజయ్ లీలా భన్సాలీ తీసిన ‘బ్లాక్’. ఏది గొప్ప చిత్రమన్నది నా ప్రశ్న కాదు. పిల్లకు మాట తెలిసిన ఘడియలో ఆ ఘనత ఎవరికి చెందుతుందని ఒక్కో చిత్రం మనకు చెబుతోంది? మొదటి చిత్రం దాన్ని పిల్ల బుద్ధికీ, గురువు చేతిపనికీ ఇచ్చింది. రెండోది గురువు వ్యక్తిత్వానికి అప్పగించింది. ఈ మార్పు వల్ల కథ తన ప్రాణంలో కొంత పోగొట్టుకుందని నా వాదం.

ముందు అసలు జరిగిన చరిత్ర చూద్దాం, ఎందుకంటే ‘బ్లాక్’కు మూలమని మనం అనుకునే మొదటి చిత్రానికీ ఒక మూలం ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్రం టస్కంబియాలో 1880లో పుట్టిన హెలెన్ కెల్లర్ పంతొమ్మిదో నెలలో జబ్బుచేసి చూపు, వినికిడి కోల్పోయింది. పెర్కిన్స్ అంధ పాఠశాలలో సామ్యూల్ గ్రిడ్లీ హోవ్ అనే వైద్యుడు 1837 నుంచి లారా బ్రిడ్జ్‌మన్ అనే బధిరాంధ బాలికకు చదువు చెప్పిన వైనాన్ని చార్లెస్ డికెన్స్ తన అమెరికా యాత్రా గ్రంథంలో రాశాడు. హెలెన్ తల్లి అది చదివింది. ఆమెలో ఆశ పుట్టింది అక్కడే. చివరికి పెర్కిన్స్ నుంచి వచ్చిన టీచరు ఆనీ సలివన్ వయసు ఇరవై ఏళ్ళు. ట్రకోమాతో కళ్ళు పాడై, ఎన్నో శస్త్రచికిత్సల తర్వాత కొంత చూపు తిరిగి వచ్చిన యువతి ఆమె. బాల్యంలో కొన్నేళ్ళు ట్యూక్స్‌బరీ పేదల శరణాలయంలో గడిచాయి, తమ్ముడు అక్కడే చనిపోయాడు. పెర్కిన్స్‌లో ఆమె ఉన్న ఇంట్లోనే లారా బ్రిడ్జ్‌మన్ కూడా, అప్పటికి నడివయసు మనిషిగా, ఉండేది. అరచేతిలో వేళ్ళతో అక్షరాలు కూర్చి మాట్లాడే పద్ధతి ఆనీకి ఆ సహవాసంలో పట్టుబడింది. 1887 మార్చి 3న టస్కంబియా చేరిన ఆమె హెలెన్ చేతికిచ్చిన బొమ్మ పెర్కిన్స్ అంధ బాలికలు పంపిన కానుక. దానికి బట్టలు కుట్టింది లారా. ఈ వివరాలను అలంకారానికి చెప్పడం లేదు. ఈ విద్య చూపున్నవాళ్ళు చూపులేనివాళ్ళకు వేసిన భిక్ష కాదనీ, దాన్ని తమ ఒంటితో ఎరిగినవాళ్ళు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందించుకున్నదనీ ఇవి రుజువు చేస్తున్నాయి.

విలియం గిబ్సన్ ఈ కథను 1957లో టెలివిజన్‌కు రాశాడు. 1959లో అది బ్రాడ్‌వే నాటకమైంది, 1962లో చిత్రమైంది. రంగస్థలం మీద ఆనీగా ఆన్ బాన్‌క్రాఫ్ట్, హెలెన్‌గా పాటీ డ్యూక్ నటించారు. తెర మీదా వాళ్ళే. ఇద్దరికీ ఆస్కార్‌లు వచ్చాయి. ఈ చిత్రంలో భోజనాల గది ఘట్టం ప్రసిద్ధం. అందరి పళ్ళేల్లోనూ చెయ్యి పెట్టి తినడానికి అలవాటుపడ్డ పిల్లను తన పళ్ళెంలోనే, చెంచాతోనే తినిపించాలని ఆనీ కుటుంబాన్ని బయటికి పంపి తలుపు మూస్తుంది. తర్వాత దాదాపు తొమ్మిది నిమిషాల పాటు సంభాషణ లేని పెనుగులాట. కుర్చీలు పడతాయి, చెంచాలు ఎగురుతాయి, ఇద్దరూ అలసిపోతారు. దర్శకుడు దీన్ని కుదించి సంగీతంతో దాటించి ఉండవచ్చు, కానీ ఆ పని చెయ్యలేదు. పని ఎంతసేపు పడుతుందో చూసేవాడికి ఒంట్లో తెలియాలన్నది అతని పట్టుదల. ఆ గది నుంచి బయటికొచ్చిన ఫలితం కూడా చిన్నదే, పిల్ల చేతిగుడ్డ మడిచింది. తల్లికి అదే పెద్ద సంగతి.

నాకు ఇంకా ముఖ్యంగా తోచేది మరొకటి. భాష రాకముందే హెలెన్‌లో పూర్తి బుద్ధి ఉందని ఈ చిత్రం మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. కొత్త టీచరును గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి దాచేస్తుంది. కేకు కోసం అక్షరాలు కూరుస్తుంది, వాటికి అర్థముందని తెలియకపోయినా. తనకు నేర్పిన అక్షరాలను కుక్క పంజాలో కూర్చడానికి ప్రయత్నిస్తుంది. ఈ కుక్క సంగతి కల్పన కాదు, సలివన్ 1887 ఉత్తరాల్లోనే ఉంది. తనకు చెబుతున్నది ఏమిటో తెలియని పిల్ల, చెప్పడం అనే పనిని మాత్రం పట్టేసింది. ఇంతటి పిల్లకు లేనిది తెలివి కాదు, వేళ్ళ కదలికకూ వస్తువుకూ మధ్య ఉన్న సంబంధం ఒక్కటే. అందుకే నీళ్ళ పంపు దగ్గర ఆ సంబంధం తట్టగానే ఆమె ఆగదు. నేలను కొట్టి దాని పేరేమిటని అడుగుతుంది, పంపును అడుగుతుంది, అమ్మను అడుగుతుంది, చివరికి టీచరును నువ్వెవరని అడుగుతుంది. అప్పటి నుంచి అడిగేది పిల్ల, జవాబిచ్చేది గురువు.

ఇప్పుడు ‘బ్లాక్’. కథ సిమ్లాకు మారింది. మెక్‌నాలీ అనే ఆంగ్లో ఇండియన్ కుటుంబం, మిషెల్ అనే పిల్ల. టీచరు దేబ్‌రాజ్ సహాయ్ వయసు మళ్ళినవాడు, తాగుడుకు లోనైనవాడు, తనను తాను ఇంద్రజాలికుడిగా భావించుకునేవాడు. ఆ పాత్రలో అమితాబ్ బచ్చన్, పెద్ద మిషెల్‌గా రాణీ ముఖర్జీ, చిన్న మిషెల్‌గా ఆయేషా కపూర్ నటించారు. పిల్ల నటన అద్భుతమని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. రవి కె. చంద్రన్ ఛాయాగ్రహణం కన్ను తిప్పుకోనివ్వదు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ హిందీ చిత్రం, ఉత్తమ నటుడు దీనికే దక్కాయి. భోజనాల బల్ల పోరాటం, కొద్ది రోజుల గడువు, గడువు తీరే వేళ నీళ్ళలో తట్టిన అర్థం, ఇవన్నీ మూలం నుంచి వచ్చినవే. పోయింది మాత్రం గురువు గతం. ఇరవై ఏళ్ళ పేద యువతి, తానూ చీకట్లోంచి వచ్చినది, ఆమె స్థానంలో గంభీర స్వరంతో సుదీర్ఘంగా మాట్లాడే పెద్దమనిషి నిలబడ్డాడు. అతని అధికారం వయసు నుంచి, మాటకారితనం నుంచి వచ్చింది. శిష్యురాలి పక్కన ఒకప్పుడు కూర్చున్న అనుభవం నుంచి వచ్చింది కాదు. లారా నుంచి ఆనీకి, ఆనీ నుంచి హెలెన్‌కు వచ్చిన దారం అక్కడ తెగింది. తాను వెలుగు తెస్తున్నానని ఇతను ప్రకటిస్తాడు. మూలంలో ఆనీకి ప్రకటించడానికి తీరిక కూడా ఉండదు.

వెలుగు, చీకటి అనే ఈ రూపకాన్నే కొంచెం నిదానంగా పరిశీలించాలి. పసితనంలోనే చూపు పోయిన మనిషికి నలుపు కనబడుతూ ఉండదు. నలుపు చూసేవాడి అనుభవం. చిత్రం పేరు, నీలం నలుపుల దృశ్యరచన, మంచు, కొవ్వొత్తులు అన్నీ మన కళ్ళను సంతృప్తిపరుస్తూ, మిషెల్ ప్రపంచం ఇలా ఉంటుందని నమ్మిస్తాయి. ఆమె ప్రపంచం నిజానికి వాసన, ఒరిపిడి, నేల అదురు, చేతి వెచ్చదనం. పెన్ నలుపు తెలుపుల్లో తీసినా కెమెరాను చేతుల దగ్గరికి దించాడు. గుడ్డు పెంకులోంచి బయటికి వస్తున్న పిల్లను హెలెన్ అరచేతిలో తడిమే చోట మనం కూడా వేళ్ళతోనే చూస్తాం. భన్సాలీ చిత్రంలోనూ పెదవుల మీద చెయ్యి పెట్టించే దృశ్యాలు బలంగా ఉన్నాయి. కానీ నీళ్ళ ఘట్టానికి వచ్చేసరికి విజయానికి గుర్తు నోటినుంచి వచ్చే శబ్దమైంది. పక్కనున్న తల్లిదండ్రులకూ, హాల్లో ఉన్న మనకూ వినబడే శబ్దం. 1962 చిత్రంలోనూ హెలెన్ నోట నీటికి చిన్ననాటి పలుకు వస్తుంది, కాదనను. అది రాగానే వేళ్ళు పనిలోకి దిగుతాయి. మాట అంటే నోటిదే అన్న మన అలవాటును ఒకటి దాటుతోంది, ఒకటి బలపరుస్తోంది. పెదవులు, గొంతు తడిమి మాట పట్టే పద్ధతి చరిత్రలో ఉంది. 1890లో సారా ఫుల్లర్ అనే టీచరు హెలెన్‌కు మాట్లాడటం నేర్పింది కూడా అలాగే. అయితే అప్పటికి హెలెన్ మూడేళ్ళుగా వేళ్ళతో ధారాళంగా మాట్లాడుతోంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కృషి చేసినా ఆమె కంఠం కొత్తవాళ్ళకు తేలిగ్గా అర్థమయ్యేది కాదు. భాష ముందు, కంఠం తర్వాత. ఈ క్రమం తారుమారైతే, పిల్ల నోట ఒక్క శబ్దం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే తల్లిదండ్రులకు అన్యాయం జరుగుతుంది.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. సినిమా శిక్షణ గ్రంథం కాదన్నది ఒకటి. మన దేశపు సినిమాకు తనదైన ఆవేశ సంప్రదాయం ఉందనీ, హాలీవుడ్ కొలతతో కొలవకూడదనీ రెండోది. మొదటిదాన్ని ఒప్పుకుంటాను, అయినా వాదం మారదు. బధిరాంధ మనిషిని జీవితంలో ఎన్నడూ కలవని కోట్లమందికి ఆ మనిషి గురించి తెలిసేది ఇలాంటి చిత్రం ద్వారానే. తెర ఏది పనిగా చూపిస్తే వాళ్ళకు అదే పని. గురువు మహిమ వల్ల ఒక్క క్షణంలో తలుపు తెరుచుకుంటుందని నేర్పితే, జీతం చాలని ప్రత్యేక ఉపాధ్యాయులు రోజూ చేసే పని ఎవరి కంటా పడదు. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది, కానీ దానికి మన సినిమాలోనే జవాబుంది. 1986లో కె. విశ్వనాథ్ తీసిన ‘సిరివెన్నెల’లో చూపులేని వేణుగాన విద్వాంసుడు, మాటలేని చిత్రకారిణి ఉన్నారు. ఆవేశానికీ పాటకూ అక్కడ లోటు లేదు. అయినా ఒకరి మనసు ఒకరికి ఎలా చేరాలన్న చిక్కును ఆ చిత్రం కథకు నడుమ పెట్టుకుంది. వాళ్ళిద్దరిలో ఎవరినీ ఇంకెవరో వచ్చి ఉద్ధరించనక్కర్లేదు. కాబట్టి ఆవేశం మీద నాకు ఫిర్యాదు లేదు. దాన్నంతా ఎవరి చుట్టూ పోగుచేశారన్నదే ప్రశ్న.

‘బ్లాక్’ మూలాన్ని మించిన చోటు ఒకటుంది, దాన్ని చెప్పకపోతే ఈ పోలిక న్యాయంగా ఉండదు. 1962 చిత్రం పంపు దగ్గరే ముగుస్తుంది. హెలెన్ ఎప్పటికీ ఆరేళ్ళ పిల్లగా మిగిలిపోతుంది. 1904లో రాడ్‌క్లిఫ్ కళాశాల పట్టా పుచ్చుకున్న యువతి, వికలాంగుల హక్కుల కోసం దేశాలు తిరిగి 1955లో భారతదేశానికీ వచ్చిన మనిషి అందులో లేదు. భన్సాలీ మిషెల్‌ను పెరగనిచ్చాడు. ఆమె కళాశాలలో సీటు కోసం ఇంటర్వ్యూకు కూర్చుంటుంది, పరీక్షలు తప్పుతుంది, మళ్ళీ రాస్తుంది. తరగతిలో పాఠాన్ని టీచరు ఆమె చేతిలోకి మారుస్తూ ఉంటే ఎంత ఆలస్యమవుతుందో, టైపు మిషను దగ్గర ఎంత వెనకబడుతుందో చూస్తాం. చెల్లెలి పెళ్ళి చూసి తనకూ ఒక తోడు, ఒక ముద్దు ఎందుకు దక్కకూడదని అడుగుతుంది. బధిరాంధ స్త్రీకి కోరిక ఉంటుందన్న సంగతిని అంత సూటిగా చెప్పిన పెద్ద చిత్రాలు అరుదు. అల్జీమర్స్‌తో అన్నీ మరిచిన టీచరుకు శిష్యురాలు వానలో నీళ్ళ పాఠం తిరిగి చెప్పడం కూడా నిజమైన కల్పనాశక్తి. ఆ ఘట్టంలో ఆమె గురువు అవుతుంది, నేను ఇంతసేపూ వెతుకుతున్న చేతి వారసత్వం కాసేపు కనబడుతుంది. కానీ ఆ జ్ఞానం చేరాల్సింది మరో బధిరాంధ పిల్లకు కదా! చిత్రం దాన్ని వెనక్కి, గురువుకే చేరవేసింది. అప్పటికి మన దేశంలో ఇలాంటి పిల్లలకు బడులు లేకపోలేదు. ముంబైలో హెలెన్ కెల్లర్ సంస్థ 1977 నుంచి పనిచేస్తోంది. పెద్ద మిషెల్ జీవితంలో తనలాంటి మనిషి మరొకరు లేకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

మూలాన్ని నెత్తిన పెట్టుకుంటున్నానని ఎవరూ అనుకోవద్దు. దాని మీద వచ్చే విమర్శల్లో బరువైనది దెబ్బల గురించి. ఆనీ పిల్లను కొడుతుంది, ఈడుస్తుంది, లోబడితేనే భాష వస్తుందని నమ్ముతుంది. ఈ నమ్మకం సలివన్ ఉత్తరాల్లోనూ ఉంది. నేటి బోధనాశాస్త్రం దీన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ముందుగా చెప్పి, తాకి, పిల్ల చేతి కింద తన చెయ్యి ఉంచి నడిపించడం ఇవాళ్టి పద్ధతి. ‘బ్లాక్’ కూడా దెబ్బల్ని అలాగే ఉంచింది, కాబట్టి తప్పు రెండింటిదీ. మూలం చేసిన మరో తప్పు, కాలాన్ని కుదించడం. పిల్లను ఇంటివాళ్ళకు దూరంగా ఉంచి ఆనీ తోట ఇంట్లో గడిపిన రెండు వారాలు ముగిసిన రోజే పంపు దగ్గర వెలిగినట్టు చూపించారు. నిజానికి ఇంటికి తిరిగొచ్చాక మరికొన్ని రోజులు గడిచి ఏప్రిల్ 5న అది జరిగింది. ఆ రోజు కొన్ని గంటల్లో ముప్ఫై మాటలు పట్టిన పిల్లకు తర్వాత ఏం చెప్పాలన్నదే సలివన్ ముందున్న అసలు సమస్య. దానికి ఆమె కనిపెట్టిన జవాబు రెండు చిత్రాల్లోనూ లేదు. ఇంట్లో తిరిగే పదిహేను నెలల పసిపిల్లను ఆమె గమనించింది. ఆ పాపకు ఎవరూ పాఠం చెప్పడం లేదు, చుట్టూ మాటలుంటే చాలు, పలకకముందే అర్థం చేసుకుంటోంది. అప్పటి నుంచి ఆమె వేళాపాళా పెట్టి పాఠాలు చెప్పడం మానేసి, పసివాళ్ళ చెవిలో పెద్దవాళ్ళు మాట్లాడినట్టు హెలెన్ అరచేతిలో రోజంతా నిండు వాక్యాల్లో మాట్లాడింది.

1979లో అమెరికన్ టెలివిజన్ ఈ కథను మళ్ళీ తీసినప్పుడు, ఒకప్పటి హెలెన్ పాటీ డ్యూక్ ఆనీ అయింది. హెలెన్‌గా మెలిసా గిల్బర్ట్ వచ్చింది. ఒకప్పుడు శిష్యురాలి చెయ్యిగా ఉన్న చెయ్యి గురువు చెయ్యి కావడం, లారా నుంచి ఆనీకి జరిగిన దానికి దగ్గరగా వచ్చింది. ఆ తర్వాత నలభై ఏళ్ళకు గాని ‘ఫీలింగ్ త్రూ’ అనే లఘుచిత్రంలో రాబర్ట్ టరాంగో అనే బధిరాంధ నటుడు ముఖ్యపాత్ర వేయడం జరగలేదు. మన చట్టం బధిరాంధత్వాన్ని పేరుపెట్టి గుర్తించింది 2016లో. తెలుగులో గాని, ఇంకే భాషలో గాని ఈ కథను మళ్ళీ తీయదలచిన దర్శకులకు నాది ఒక్క మనవి. పంపు ఘట్టాన్ని రెండు నిమిషాల్లో దాటించి, 1887 ఏప్రిల్ 6 ఉదయం నుంచి మొదలుపెట్టండి. ఆ నెలల్లో సలివన్ పెర్కిన్స్‌కు రాసిన ఉత్తరాలు ఉన్నాయి, చిత్రకథకు కావలసినవన్నీ వాటిలో దొరుకుతాయి.